కన్నులు మొలచిన చేయి

చీకటి పడి, పొయ్యి మీది సంగటి దిగి, పిల్లలు కంచముల ముందు కూర్చుండు వేళకు సరిగా కరెంటు పోవుట పల్లెటూళ్ళలో వింత కాదు. అట్టి వేళ చిక్కబళ్ళాపురము జిల్లా శిడ్లఘట్ట తాలూకాలోని దిబ్బూరహళ్ళి వంటి యూర, ఇంట తెలుగును బడిలో కన్నడమును మాటాడు పిల్లలు లాంతరు చుట్టును చేరియుండగా, తాత తన రెండు అఱచేతులను జోడించి, బొటనవ్రేళ్ళను నిక్కబొడిచి, చిటికెనవ్రేళ్ళను క్రిందికి మీదికి నాడించెనా, సున్నపుగోడ మీద కుక్క యొకటి చెవులు రిక్కించి నోరు తెఱచును. మొఱిగినది తాతయే యని పిల్లలెఱుగుదురు. ఆ వ్రేళ్ళే క్షణము క్రిందట తమకు ముద్ద కలిపి పెట్టినవనియు నెఱుగుదురు. ఎఱిగియు, ముందు వరుసలోని పసివాడు జంకి అక్క యొడిలోనికి జరుగును. తెలిసియు నమ్ముట యను ఈ చిత్రమైన వ్యాపారము ఎట్లు జరుగుచున్నదో కొంచెము నిదానించి చూతము.

గోడ మీది కుక్కను గూర్చి పదార్థవిజ్ఞానము చెప్పవలసినది స్వల్పము. కాంతి ఋజుమార్గమున పోవును గనుక చేయి అడ్డుపడిన మేర వెలుతురు లోపించును. దీపమునకును గోడకును సరిగా నడుమ చేయి నుంచినచో నీడ చేతికి రెండింతలగును. దీపమువైపునకు జరిపిన కొలది పెరుగును, గోడవైపునకు జరిపిన కొలది తఱుగును. లాంతరు మంట బిందువు కాదు, కొంత వెడల్పు గలది. కావున నీడ చుట్టును పాక్షికచ్ఛాయ యను మసకయంచు ఒకటి ఏర్పడును. చేయి దీపమునకు దగ్గఱైన కొలది ఆ యంచు విస్తరించి, కుక్క మబ్బుతునక యగును. అనుభవజ్ఞుడైన తాత గోడవైపునకు మ్రొగ్గుటకు కారణమిదియే. దీపమును గూర్చిన శాస్త్రము ఇంతటితో ముగియును; కుక్క మాత్రము మిగిలిపోవును. ఏలయన గోడ మీద నున్నది వెలుతురు లేని చోటు మాత్రమే; ఆ చోటికి ఆకలిని, కోపమును, మొఱుగవలెనను కోరికను ఇచ్చినది పసివాని బుద్ధి.

గోడను తొలగించి, దీపమును మలిపి, పట్టపగలు ఒట్టిచేతినే ఎదుట నుంచినను ఈ వ్యాపారము సాగునా? సాగునని మన యవ్వలు ఏనాడో కనిపెట్టిరి. బిడ్డ అఱచేతిని తెఱచి, ఒక్కొక్క వ్రేలిని మడిచి, పిదప అవ్వ తన చూపుడువ్రేలిని నడిమివ్రేలిని రెండు కాళ్ళుగ చేసి, మణికట్టునుండి మోచేతికిని, మోచేతినుండి చంకకును నడపించుకొని పోవుచుండగా, చక్కిలిగింత ఇంకను పుట్టక మునుపే బిడ్డ కిలకిల నవ్వును. వచ్చుచున్నది అవ్వ చేయి కాదు, అల్లరి తలపెట్టి నడచి వచ్చుచున్న ఒక చిన్న మనిషి. ఆ నవ్వు చేతికి కాదు, ఆ తలపునకు.

అవ్వల యీ విద్యకు టెలివిజన్ తెర మీద సింహాసనము వేసినవారు అమెరికాలో నొకరు కలరు. నాగిన్ అను పిల్లల చానల్ 2000 సంవత్సరమున 'ఊబీ' యను పేర కొన్ని చిన్న దృశ్యములను ప్రసారము చేసెను. 2003 నుండి అది నిడివిగల ధారావాహిక యయ్యెను. దానిని కల్పించినవాడు జాష్ సెలిగ్. ఊబీ పాత్రధారి టిమ్ లగాస్ అను బొమ్మలాటగాడు. ఊబీ నాలుగేండ్ల బాలుడు; కాని వాని దేహమనగా ఒక ఒట్టి చేయి మాత్రమే. కలిసియున్న నాలుగు వ్రేళ్ళును పైదవడ, బొటనవ్రేలు క్రిందిదవడ, వ్రేళ్ళపైని రెండు కృత్రిమ నేత్రములు. అంతకు మించి ఒంటిమీద చొక్కాయైనను లేదు. చెల్లెలు ఊమాను స్టెఫనీ డబ్రూజో, స్నేహితుడు కాకోను నోయెల్ మెక్‌నీల్, తాత గ్రాంపును టైలర్ బంచ్ తమ తమ చేతులతో ఆడించిరి. బొమ్మలాట నేర్చుకొనువారు బొమ్మ చేతికి రాకమునుపు రెండు పింగుపాంగు బంతులను వ్రేళ్ళపై పెట్టుకొని, మాటకు నోరు కలుపుటను సాధన చేయుట ఆ దేశమున వాడుక. ఆ సాధననే ప్రదర్శనగ మార్చుట సెలిగ్ చేసిన సాహసము. సరళీస్వరములే కచ్చేరీ యైనట్లు అనుకొనవచ్చును.

ఈ త్రోవ బొత్తిగా క్రొత్తది కాదు. మాస్కోలో 1931లో బొమ్మలాటల రంగశాలను నెలకొల్పిన సెర్గేయ్ ఒబ్రజ్‌త్సోవ్ (1901–1992) బట్టలు తొడిగిన బొమ్మలు ఎన్నియో యుండగా, చూపుడువ్రేలి కొనకు గుండ్రని బంతి నొకదానిని తలగ తగిలించి, తక్కిన చేతిని దిగంబరముగనే యుంచి ఆడించెను. స్పెయిన్‌లో పుట్టి అమెరికా టెలివిజన్‌లో వెలసిన సెన్యోర్ వెన్సెస్ (1896–1999) పిడికిలి బిగించి, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడిమి సందున పెదవిరంగు పూసి, జానీ యను బాలుని పలికించెను. చిన్ననాట బడిలో శిక్షగ సిరాబుడ్లు కడుగుచు ఆ సిరానే పిడికిలికి పులుముకొనగా జానీ పుట్టెనని ఆయన కథ. వెన్సెస్‌కు పూత కావలెను, ఒబ్రజ్‌త్సోవ్‌కు బంతి కావలెను, ఊబీకి కన్నులు కావలెను. ఇంత స్వల్పమైన యుపకరణముతో మనిషి ఎట్లు పుట్టుచున్నాడు?

మొదట కన్నుల మాట. క్రొత్తయింటి ముంగిట దిష్టికై వ్రేలాడగట్టు గుమ్మడికాయను చూడుడు: రెండు గుడ్లును ఒక నోరును గీయువఱకు అది కూర, గీసిన పిదప దానిని తరుగుటకు చేయి రాదు. పీచు ఒలిచిన కొబ్బరికాయకు మూడు కన్నులని ఎవరును నేర్పకయే అనుకొందుము. ఈ ప్రవృత్తి ఎంత ప్రాచీనమైనదో 1975లో గోరెన్ అను పరిశోధకురాలును ఆమె సహచరులును చేసిన పరీక్ష తెలుపుచున్నది. పుట్టి సగటున తొమ్మిది నిమిషములైన శిశువుల యెదుట ముఖము గీసిన పలకను, అవే కనుముక్కులను చెల్లాచెదరుగ గీసిన పలకను మెల్లగా జరుపగా, శిశువులు ముఖము వెంబడినే ఎక్కువ దూరము తల త్రిప్పిరి. అప్పటికి వారికి పరిచయమైన ముఖము ఒకటైనను లేదు. పైన రెండు చుక్కలు, దిగువన ఒకటి యను స్థూలమైన నమూనా పుట్టుకతోడనే మెదడున నుండుననియు, అనుభవము పిదప దానికి వివరములను చేర్చుననియు మార్టన్, జాన్సన్ అను శాస్త్రజ్ఞులు 1991లో ప్రతిపాదించిరి. పెద్దవారి మెదడున కణతల లోపలి భాగమునకు అడుగున, ముఖములకే విశేషముగ స్పందించు ప్రదేశమును నాన్సీ కాన్విషర్ బృందము 1997లో గుర్తించెను. ముఖము కన్నులబడిన తరువాత సెకనులో ఆఱవవంతు గడచునప్పటికే మెదడు విద్యుత్స్పందన దానిని వేఱుగ పోల్చుకొనును; ముఖమును పోలిన వస్తువుల విషయమునను ఇట్టి త్వరితస్పందనయే కానవచ్చును. ఇది ఒట్టి చేయి గదా యని వివేకము నోరు తెఱచులోపల, ఎవరో వచ్చిరని మెదడు లేచి నిలుచున్నదన్నమాట.

ఆ కన్నులకు ఇంకొక పని కలదు. మనిషి కంటిలో తెల్లగుడ్డు కనబడునంత విశాలముగ తక్కిన వానరజాతుల కండ్లలో కనబడదని జపాను పరిశోధకులు కొబయాషి, కోషిమా 1997లో కొలిచి చూపిరి. తెలుపులో నలుపు ఎటు జరిగినదో చూచియే ఎదుటివాని మనస్సు ఎటు పోయినదో గ్రహింతుము. ఊబీ కన్నులు స్థిరములు, గుడ్డు తిరుగదు. కావున చూపునకు బదులు మణికట్టు తిరుగవలెను. మణికట్టు అంగుళము తప్పినచో ఊబీ తన చెల్లెలిని విడిచి ఆమె వెనుకనున్న కుర్చీతో మాటాడుచున్నట్లుండును. అంగుళము కుదిరినచో తెర యీవల కూర్చున్న పిల్లవాడు తన్నే చూచెనని పొంగిపోవును.

కన్ను లేకున్నను కదలిక యొక్కటియే జీవమును పోయగలదు. 1944లో ఫ్రిట్జ్ హైడర్, మరియాన్ సిమ్మెల్ అనువారు రెండు త్రిభుజములు, ఒక చిన్న వృత్తము, తలుపు గల ఒక దీర్ఘచతురస్రము — ఇవి మాత్రమే యున్న చలనచిత్రమును చూపి, చూచినది వ్రాయుడని అడుగగా, మొదటి జట్టులోని ముప్పదినలుగురిలో ఒక్కరు దక్క ఎల్లరును పెద్ద త్రిభుజపు దౌర్జన్యమును, చిన్నవాని సాహసమును, వృత్తపు భయమును కథగ వ్రాసిరి. 1973లో స్వీడను దేశపు గున్నార్ యోహాన్సన్ చీకటిలో నడచు మనిషి కీళ్ళకు మాత్రము చిన్న దీపములు కట్టి చూపెను. నిలిచియున్నంతసేపు అది చుక్కల గుంపు. అడుగు వేసిన క్షణముననే చూచువారికి అది మనిషి. ఇక చేతి సంగతి మఱింత విశేషము. అమాండా వుడ్‌వర్డ్ 1998లో ప్రచురించిన పరిశోధనలో, రెండు ఆటవస్తువులలో ఒకదానిని చేయి పట్టుకొనుట పసిబిడ్డలకు మాటిమాటికి చూపి, పిదప వస్తువుల స్థానములను తారుమారు చేసెను. చేయి పాత త్రోవనే పోయి క్రొత్త వస్తువును ముట్టినప్పుడు ఆఱునెలల బిడ్డలు ఆశ్చర్యముతో ఎక్కువసేపు చూచిరి. క్రొత్త త్రోవను పోయి పాత వస్తువునే ముట్టినప్పుడు అంతగ చూడలేదు. చేతికి బదులు కఱ్ఱను ఉపయోగించినప్పుడు ఈ భేదము కానరాలేదు. అనగా ఆఱు నెలల బిడ్డకు కఱ్ఱ దారిలో పోవు వస్తువు. చేయి కోరిక గల ప్రాణి. కొయ్యబొమ్మకు ప్రాణము పోయవలసియున్నది; చేతికి అది మునుపే యున్నది, కన్నులు పెట్టి ఎవరి ప్రాణమో చెప్పిన చాలును.

ఇంతటి పనికి ఈ చేతిలోని యంత్రమెట్టిదో చూతము. ఒక చేతిలో ఎముకలు ఇరువదియేడు. వ్రేళ్ళను మడుచు కండరములు వ్రేళ్ళలో లేనేలేవు. కొన్ని అఱచేతిలో నున్నవి, బలమైనవి మోచేతి దిగువ ముంజేతిలో నున్నవి. అక్కడినుండి స్నాయువులు మణికట్టు సందుగుండ వచ్చి వ్రేలి ఎముకలను లాగుచున్నవి. ముంజేతిని రెండవ చేత పట్టుకొని వ్రేళ్ళు నాడించినచో చర్మము క్రింద ఆ కదలిక తెలియును. అనగా ప్రతి మనిషి చేయియు త్రాళ్ళతో ఆడు బొమ్మయే. సూత్రములు మణికట్టులో, సూత్రధారుడు తెరవెనుక ముంజేతిలో! ఈ సూత్రములన్నియు స్వతంత్రములు కావు. అఱచేతిని బల్ల మీద బోరగిల నుంచి, నడిమివ్రేలిని మాత్రము లోనికి మడిచి, ఉంగరపువ్రేలిని ఎత్తజూడుడు. ఎత్తలేరు, చేతి వెనుక ఆ రెండు వ్రేళ్ళ స్నాయువులకును అడ్డుకట్లు కలవు, వానిని లాగు కండరమును ఉమ్మడిదే. ఇట్లు నాలుగు వ్రేళ్ళును ఉమ్మడికుటుంబము వలె బ్రదుకుచుండగా, బొటనవ్రేలు వేఱుకాపురము పెట్టినది. దాని మొదటి కీలు జీను ఆకారమున నుండి అన్ని దిక్కులకు తిరుగును. అఱచేతినుండి నాలుగు, ముంజేతినుండి నాలుగు, వెరసి ఎనిమిది కండరములు దానిని సేవించుచున్నవి. దవడ పదవికి అర్హత గల వ్రేలు అది యొక్కటియే. 1937లో పెన్‌ఫీల్డ్, బోల్డ్రీ మెదడు ఉపరితలమును విద్యుత్తుతో తాకి గీసిన పటములో చేతికి దక్కిన స్థలము దాని పరిమాణమునకు ఎన్నియో రెట్లు అధికము. మెదడున చేతికి ప్రక్కయింటివాడు ముఖమే యగుట కూడ ఒక ముచ్చట.

చేయి మాటాడుటకు మొదటి నియమము, నోరు తెఱచు పనిని బొటనవ్రేలికే వదలుట. మన తలలో పైదవడ కపాలమునకు అంటియున్నది, కదలునది క్రిందిది మాత్రమే. అభ్యాసము లేనివాడు నాలుగు వ్రేళ్ళను పైకెత్తును. అప్పుడు కన్నులు ఆకాశమునకు లేచి, పాత్ర మాటమాటకు మూర్ఛపోవుచున్నట్లుండును. రెండవ నియమము, అచ్చు పలుకునప్పుడు నోరు తెఱచుట. నేర్వనివాడు మాటతోపాటు నోరు మూయును, మాటలను కొఱుకుచున్నట్లుండును. అజంతభాష యని పేరుగన్న మన తెలుగు ఈ విద్యకు మిక్కిలి అనుకూలమైనది: 'అమ్మా' యన్నప్పుడు అకారమునకు విప్పి, మకారద్విత్వమునకు మూసి, దీర్ఘమునకు మఱల విప్పినచో చేయి నిజముగనే పిలిచినట్లుండును. చేతికి నాలుకయు దంతములును లేవు గనుక కకారమునకును తకారమునకును భేదము చూపలేదు. పెదవులు కలియు పకార బకార మకారములను మాత్రము చూపగలదు. చాలునా? చాలును. కంటికి కనబడిన పెదవి కదలిక చెవికి వినబడు శబ్దమునే మార్చగలదని మెక్‌గర్క్, మెక్‌డోనాల్డ్ 1976లో నిరూపించిరి. 'బా' యను ధ్వనికి 'గా' యని పలుకు పెదవులను జతచేసి చూపగా పెక్కుమంది 'డా' యని వినిరి. శబ్దము వచ్చు దిక్కు విషయములోనైతే చెవి మఱింత విధేయురాలు: టెలివిజన్ స్పీకరు పెట్టెలో ఏ మూలనున్నను మాట నటుని నోటినుండియే వచ్చినట్లు తోచును. లగాస్ కంఠము క్రిందనెక్కడనో నున్నది. పిల్లలకు మాత్రము అది వ్రేళ్ళ నడుమనుండి వచ్చుచున్నది.

తెర మీద సులభముగ కనబడు ఈ యాట తెర క్రింద కఠినమైన వ్యాయామము. మనిషి బరువులో ఒక భుజము మొదలు వ్రేలికొన వఱకు గల భాగము ఇంచుమించు ఇరువదవవంతు; అఱువది కిలోల మనిషికి మూడు కిలోలు. ఆ మూడు కిలోలను తలకు పైగా ఎత్తి నిలిపియుంచినప్పుడు బిగిసిన భుజకండరము తనలోని రక్తనాళములను తానే నొక్కుకొనును, రక్తము ఎదురెక్కవలసియుండును, కొలది నిమిషములలో చేయి బరువెక్కి వణకును. వణకినచో ఊబీకి చలిజ్వరము వచ్చినట్లే. ఇది చాలక, టెలివిజన్ బొమ్మలాటగాడు తన చేతిని తాను నేరుగ చూడడు. క్రింద నుంచిన మానిటరులో ప్రేక్షకునకు కనబడు చిత్రమునే చూచుకొనును. ఆ చిత్రము అద్దములోని ప్రతిబింబము వంటిది కాదు. తాను కుడికి జరిపిన చేయి ఎడమకు పోవుచున్నట్లు కనబడును. పుట్టినది మొదలు అద్దమునకు అలవాటుపడిన మెదడు ఈ విపర్యయమునకు లోబడుటకు దీర్ఘసాధన వలయును. గుడ్డబొమ్మకు మణికట్టును కప్పు అంగీ కలదు. ఒట్టిచేతికి తెర దిగువ అంచే అంగీ. కెమెరా చట్రము ఎక్కడ కోయునో అక్కడ మనిషి ముగిసి పాత్ర ఆరంభమగును.

మన నేల మీద చేతి చరిత్ర రెండు పాయలుగ ప్రవహించినది. బాగేపల్లి దాటి రాష్ట్రసరిహద్దున కావల, ధర్మవరము సమీపమున నున్న నిమ్మలకుంట తోలుబొమ్మల యూరు. అక్కడి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. తోలుబొమ్మలాటలో చేయి ప్రాణము పోసి తాను మఱుగున నుండును. రాముడును రావణుడును, నడుమ అల్లరి చేయు కేతిగాడును బంగారక్కయు తెర మీద వెలుగుచుండగా చేతిని చూచువాడు లేడు. నాట్యమున అట్లు కాదు; చేయియే తెర మీదికి వచ్చినది. భరతుడు ఒంటిచేతి ముద్రలను ఇరువదినాలుగుగను, నందికేశ్వరుడు అభినయదర్పణమున ఇరువదియెనిమిదిగను లెక్కించిరి. మృగశీర్షము, సింహముఖము, సర్పశీర్షము, హంసాస్యము అను పేళ్ళే ఆ చేతులు ఏమేమి కాగలవో చెప్పుచున్నవి. అయిదు వ్రేళ్ళ కొనలను మొగ్గవలె చేర్చు ముకుళహస్తమును కూచిపూడి నేర్చు బాలిక విప్పి మూసెనా, కన్నులు పెట్టవలసిన పనియే తప్ప ఊబీ అక్కడనే యున్నాడు. నాట్యహస్తము సంకేతముచేతను, ఊబీహస్తము చూపుచేతను పలుకును, భేదము అంతమాత్రమే. చూపినది కొంచెము, చూచువాడు పూరించుకొనునది అధికము. అట్లు పూరించుకొనగలవానిని మన ఆలంకారికులు సహృదయుడనిరి. ఆ బిరుదునకు నాలుగేండ్ల పిల్లవానికంటె అర్హుడెవడు?

టెలివిజన్ మన పల్లెలకు వచ్చిన తొలినాళ్ళలోనే పిల్లలను తలచుకొన్నది. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వఱకు ఉపగ్రహము ద్వారా ఆఱు రాష్ట్రములలో 2,400 గ్రామములకు సాగిన ప్రసారప్రయోగమున ఉదయపు వేళ బడిపిల్లలకు కార్యక్రమములుండెను. అందు తెలుగును కన్నడమును రెండును ఉండెను. ఐనను తెరకు ఒక లోపము వదలలేదు: అది చెప్పును, వినదు. రెండేండ్లలోపు శిశువులు ఎదుటి మనిషినుండి నేర్చుకొన్నంతగ తెరనుండి నేర్చుకొనరని పరిశోధకులు పలుమాఱులు గమనించిరి. ఊబీ రెండు మూడు మాటల వాక్యములనే పలికి, ప్రశ్న అడిగి, బదులునకై కన్నులప్పగించి ఒక క్షణము ఆగును; ఆ యాగుట తెరలోని లోపమును తెలిసినవాడు చేసిన ఉపాయము. అంతకంటె గొప్ప ఉపాయము వేఱొకటి కలదు. గుడ్డబొమ్మను చూచిన పిల్లవాడు అది కొనిపెట్టుమని అంగడి ముందు మారాము చేయును; ఊబీని చూచినవాడు తన చేయి తానెత్తును. కొనవలసినది ఏదియు లేదు.

శిడ్లఘట్ట ప్రాంతమున పట్టుదారము తీయు చేతులు పగలెల్ల వేడినీటిలో నాని, గూటిపైని చిక్కులో వెండ్రుకకంటె సన్నని పోగు కొనను వెదకి పట్టుచుండును. అఱచేతిలోను వ్రేళ్ళలోను స్పర్శనెఱుగు నాడీసాధనములు దాదాపు పదునేడువేలు గలవని కొలిచిన శాస్త్రజ్ఞులు చెప్పిరి. ఆ పదునేడువేలకును పగలు గూళ్ళతోనే సరిపోవును. సాయంకాలము కరెంటు పోయినప్పుడు ఆ చేయియే, ఇంకను ముడుతలు తీరని ఆ వ్రేళ్ళతోనే, గోడ మీద కుక్కయై మొఱిగెననుకొందము. పసివాడు ఈసారి అక్క యొడిలోనికి జరుగడు. జంకుచునే తన చిన్న చేతిని లాంతరు ముందునకు చాచి, నాలుగు వ్రేళ్ళు పైకిని బొటనవ్రేలు క్రిందికిని చేసి, ఆ కుక్కకు బదులు చెప్పును.